మూడో గదికి మేత

మూడో గది ఇనుప తలుపు మధ్యలో ఉబ్బుతోంది. దయ్యాల వర్గీకరణ కార్యాలయం నుంచి అందరూ పరుగెత్తగా, అక్కాచెల్లెళ్లిద్దరే మిగిలారు.

“తలుపు మీది చీటీ తప్పక్కా. ఇది చిల్లర దయ్యం కాదు, చీకటి దేవుడు!”

“పెద్ద ఆఫీసరువి, నీకు తెలియనిదా?”

“ఇప్పుడా దెప్పుళ్లు? అది తినేది మనుషుల్లోని ఏ భావాన్నో, పెట్టిందెవరో చీటీ మీద రాస్తేనే తలుపు నిలుస్తుంది. లేకపోతే వీధంతా పోతుంది. కోపమంటావా?”

“కోపమైతే మన కాపలా తాత దగ్గరే తిని బలిసేది.”

“పోయిన సోమవారం దాకా కుక్కపిల్లంత ఉంది. నాకు ప్రమోషన్ వచ్చిన రోజు నుంచే పెరుగుతోంది.”

“నేను పని నేర్పిన పిల్లవి, నా పైన కూర్చున్నావు. నాకు సంతోషమేనే.”

“నువ్వలా అనగానే తలుపు ఇంకాస్త ఉబ్బింది.”

“నన్ను అనుమానిస్తున్నావా?”

“పేరు రాస్తే వాళ్ల ఉద్యోగం పోతుంది. ఊరికే ఎలా రాస్తాను?”

“అమ్మ ఫోన్ చేసినా నీ గురించే అడుగుతుంది. నేను తిన్నానో లేదో అడగదు.”

“అక్కా, కీలు ఊడుతోంది!”

“పెన్ను తియ్యి. దాని తిండి అసూయ. వారం రోజులుగా పెడుతున్నది మీ అక్కే.”