మా అవ్వ పేరు, గొడుగు ఈగ

"తాతా, పుట్టగొడుగుల కూర అంటే నీకెందుకంత పాణం?" అంటివా? చెప్త, నడుమ అడ్డం రాకు.

ఇది నాకు మొదాలు చెప్పింది మా అక్క సాయవ్వ. పుట్ట మీద గొడుగు విప్పంగనే చిన్న ఈగ, నువ్వుగింజంత గూడ ఉండదు, వచ్చి గుడ్డు పెడతదట. పగటీలికి, అంటె మధ్యాన్నానికి, వండకుంటె లోపట పురుగైతది. అక్క ఒట్టిగ చెప్పలే. ఓ పాడైన గొడుగు మీద చిప్ప బోర్లించింది. కొన్నొద్దులకు తీస్తె ఈగలు బుర్రున లేచినయి. నా కండ్లతోని చూసిన.

మాది పోచారం దిక్కు ఊరు గదా. మిరుగం కార్తెల ఉరిమితె చాలు, పుట్టల మీద తెల్లగ లేస్తుండె. ఇప్పుడేడియి? పుట్టలన్ని జేసీబీ పెట్టి సాపు చేసిరి. కామారెడ్డిల డబ్బాలల్ల అమ్మేటియి గొడుగులా? రబ్బరు. మా అవ్వ, నన్ను కన్నతల్లి, వండితె, ఇంత ఉల్లిగడ్డ, ఇంత కారం, జొన్నరొట్టె... యాటకూర గూడ దాని ముంగట ఏం పనికొస్తది?

ఏడున్న? ఆఁ. ఓ దినం బాపు తువ్వాల నిండ గొడుగులు తెచ్చిండు. అవ్వ పొయ్యి అంటుపెట్టింది. మా పెద్దమ్మ, బాపు వాళ్లన్న పెండ్లాం, ఇంట్ల పెత్తనమంత ఆమెదే, "ఆగు, రాజంపేట నుంచి మా తమ్ములొస్తున్నరు, పొద్దూకినంక వండు" అన్నది.

"అక్కా, ఆగితె పురుగైతది" అన్నది అవ్వ.

"నాకు నేర్పుతవానే?" అని గొడుగులను తడిబట్టల మూటగట్టి ఉట్టి మీద పెట్టింది.

పొద్దూకి విప్పితె పురుగులు లుకలుక. తమ్ముల ముంగట తన ఇజ్జత్ పోతదని పెద్దమ్మ ఏమన్నదో ఎరుకేనా? "చూసిన్రా మా పోశి సుబ్రం! ముట్టిందల్ల పురుగే." వాళ్లు పడిపడి నవ్విన్రు. ఒగడు అవ్వను "పురుగుల పోశవ్వ" అన్నడు. ఊరంత పట్టుకున్నది. "అవి ఈగ పిల్లలు" అని మా అక్క సాయవ్వ అంటె, "ఆడపిల్లవు, నోరు ముయ్యి" అన్నరు.

అవ్వ మల్ల గొడుగు ముట్టలే. బాపు తెస్తె పక్కింటికిచ్చేది. ప్రతి వానకాలం కొంగు పట్టుకోని అడిగిన. "వద్దు కొడుకా" అనేది. ఆ కూర మల్ల తినలే బిడ్డా. ఇప్పటికీ ఉరిమితె నోట్లె ఆ రుచి...

అవ్వ పోయిన్నాడు గూడ "ఏ పోశవ్వ?" అని ఒగడు అడిగితె "గదే, పురుగుల పోశవ్వ" అన్నరు. శవం కాడ కూసోని విన్న. పోయినోళ్లను అనొద్దంటరు. పెద్దమ్మను నేనంట.

ఆమె మనుమలు ఎల్లారెడ్డిల ఉన్నరు, ఇంకా మా అవ్వను గట్లనే పిలుస్తరు. నాకు సంతకం దాటి రాత రాదు. నువ్వే రాసి వాళ్లకు చూపెట్టు. పురుగు మా అవ్వ చేతిది గాదు, ఈగది. ఆపుమన్నది పెద్దమ్మ. మా అవ్వ పేరు పోశవ్వ. దాని ముంగట ఏ మాటా లేకుండ రాయి.