రేపు రండి

కొడుకు డాక్టరు గదిలోంచి వచ్చి మంచం పక్కకు స్టూలు లాక్కున్నాడు. బతుకంతా కుట్టుమిషను తొక్కిన తల్లి, ఆసుపత్రి దుప్పటి అంచున ఊడిన దారాన్ని వేలికి చుట్టుకుంటోంది.

"ఏమన్నార్రా?"

"స్కానింగ్ చూశారమ్మా. గుండెలో వాల్వు రెక్కలు రెండూ కలవట్లేదట. ఆ సందులోంచి రక్తం వెనక్కి కారుతోందట."

"అది తెలిసిందేగా. తొడ దగ్గర నరంలోంచి గొట్టం పంపి, రెండిటినీ కలిపి క్లిప్పు పెడతామన్నారు, జాకెట్టుకి హుక్కు పెట్టినట్టు. ఎప్పుడట?"

కొడుకు నీళ్లసీసా మూత తీసి, తాగకుండానే బిగించాడు.

"రెక్కలు బాగా పల్చబడ్డాయట. క్లిప్పు నిలుస్తుందో లేదోనని..."

"చీకిపోయాయన్నమాట."

"అలా అనలేదమ్మా!"

"పోనీ, ఛాతీ కోసి కుడతారా?"

"నువ్వు తట్టుకోలేవట."

"మరేం చేస్తారట?"

"ఆలోచించి చెప్తారట. రేపు రమ్మన్నారు."

తల్లి నవ్వింది. ఆ కాస్త నవ్వుకే ఆయాసం వచ్చింది.

"చీకిన చీర తెచ్చి, ఎలాగైనా కుట్టిపెట్టమని బతిమాలేవాళ్లకి నేనూ అదే చెప్పేదాన్నిరా. కుదరదని మొహం మీద అనలేక."

కొడుకు సీసా మూత తీసి ఆమెకు అందించాడు.

"అయినా వెళ్లు. పాపం, వాళ్లూ మర్నాడు పొద్దున్నే వచ్చి నిలబడేవాళ్లు."