కాలి మీద కాల్చి ఉంటే

అమెరికాలోని ఓక్లహోమాలో ఒక ఊరి చివర తుపాకీ షూటింగ్ రేంజి. గొడ్డలితో తలుపు బద్దలుకొట్టి మీదికొచ్చిన మాజీ భర్తను డార్లా కాల్చి చంపి నెల కాలేదు. గురి నేర్పిన ముసలి క్లైడ్ ముందు ఆమె పిస్టల్ పెట్టె పెట్టింది.

"ఇది మీరే ఉంచుకోండి మాస్టారూ. నాకొద్దు."

"నీ తప్పేం లేదని పోలీసులే అన్నారుగా తల్లీ."

"అతని తల్లి అడిగింది. కాలి మీద కాల్చి ఉంటే నా బిడ్డ బతికేవాడు కదే అని."

"ఆవిడకేం తెలుసు? మీదికొచ్చేవాడి కాలు ఒకచోట నిలుస్తుందా? తగిలినా, తొడలో రక్తనాళం తెగితే మనిషి దక్కడు. పైగా ఆ భయంలో చెయ్యి వణుకుతుంది. అందుకేగా ఛాతీ మధ్యకి గురి చూడమని నేర్పింది."

"నేనూ అదే చెప్పాను. చెయ్యి వణికిందత్తయ్యా అని."

"మరింకేం?"

"అబద్ధం చెప్పాను మాస్టారూ. వణకలేదు. ఇక్కడ కాగితం బొమ్మ ముందు కూడా నా చెయ్యి ఎన్నడూ అంత నిలకడగా లేదు. అతని కాలు నాకు స్పష్టంగా కనిపించింది."

క్లైడ్ పెట్టె మీద చెయ్యి వేశాడు గానీ దగ్గరికి లాక్కోలేకపోయాడు.

"వాడి చేతిలో గొడ్డలి ఉంది కదమ్మా..."

"ఉంది. కిందపడ్డాక మాత్రం నన్నే పిలిచాడు, 'డార్లీ, నన్ను పట్టుకోవే' అని. పట్టుకున్నాను. ప్రాణం పోయేదాకా వదల్లేదు."