అడవి లిల్లికి తలల్లేని కేసరాలు

అడగకముందే కష్టం చెప్పుకునేవాడి సరుకును రెండుసార్లు చూడాలన్నది పూలతోట నడిపే వదిన లెక్క. మరిది తెచ్చిన లిల్లి మొక్కను దుంప నుంచి పువ్వు దాకా తిప్పి చూసింది.

"ఎక్కడిదన్నావు?"

"కొండ మీది అడవి లిల్లి వదినా! ఎక్కేసరికి మోకాళ్లు అరిగిపోయాయి. మంచి ధర కట్టాలి మరి."

"పొలుసుల దుంప, ఆరు రేకులు, గోధుమరంగు మచ్చలు. జాతి అడవిదే, కాదనను. కేసరాల చివర పుప్పొడి తలలేవి?"

"గాలికి రాలాయేమో."

"ఆరుకి ఆరూనా? ఎంత పద్ధతైన గాలి!"

"పువ్వన్నాక రాలవా వదినా?"

"పుప్పొడి మరక పడకుండా, మొగ్గ విచ్చగానే నా తోటలో ఈ జాతి లిల్లి ప్రతి పువ్వుకీ ఆ తలల్ని గోటితో తుంచేది నేనే. కొండెప్పుడు ఎక్కానబ్బా?"

మరిది మొక్కను మెల్లగా తనవైపు లాక్కున్నాడు.

"మోకాళ్లకి మందు రాసుకో బాబూ. నీ దగ్గరున్న నా తోట తాళంచెవి మాత్రం ఇక్కడ పెట్టి వెళ్లు."