ఎడమకి తిరగని వదిన

జగ్గయ్యపేటలో ఒక కల్యాణ మండపం. ఉదయం ఆరు గంటల ఎక్సర్‌సైజు క్లాసు. పెళ్ళి వేదిక మీద ట్రైనర్ రవితేజ, కింద నాలుగు వరసల ఆడవాళ్ళు. ఆఖరి వరసలో దేవమణి, ఆమె పక్కింటి భారతీదేవి.

"అది కాదు వదినా, నాకు చాలా ఏళ్ళ నుంచీ ఒక సందేహం."

"ముందు కాలు పక్కకెయ్యి దేవమణీ. సందేహం తర్వాత."

"వేస్తున్నా. చర్చిలో పాటప్పుడు అందరి చప్పట్లూ ఒక్కసారి పడతాయి కదా. నాది మాత్రం కాస్త ఆగి పడుద్ది. చిన్నప్పట్నుంచీ అంతే. ఆ ఆలస్యంగా పడ్డవి దేవుడికి అందుతాయా, అందవా?"

"మా గుళ్ళో గంట ఎవరు ఎప్పుడు కొట్టినా అందుద్దంటారు."

"గంటకి వరసేముంది వదినా, ఎవరిది వాళ్ళు కొట్టుకుంటారు. చప్పట్లకి వరసుంది."

"లేడీస్, ఫోకస్ ఫోకస్. వెనక లైన్‌లో మాటలు వినపడుతున్నాయి. నెక్స్ట్ గ్రేప్‌వైన్. రైట్‌కి నాలుగు, లెఫ్ట్‌కి నాలుగు. రెడీనా? ఫైవ్, సిక్స్, సెవెన్, ఎయిట్..."

"ఏం వైనంటాడు ఈ కుర్రాడు?"

"ద్రాక్షావల్లి వదినా. తీగ అల్లుకున్నట్టు ఒక కాలి వెనకాల ఇంకో కాలు వెయ్యాలంట."

"ఉన్నవి రెండు కాళ్ళు. అవి కూడా అల్లేస్తే పడమూ?"

"పడతాం. నిన్న నేను పడ్డా కదా, ఆ గుమ్మం దగ్గర అరటిచెట్టు మీద."

"అది పెళ్ళివాళ్ళు కట్టిన చెట్టు. సరిగ్గా కట్టుంటే పడేదే కాదు. అందులో నీ తప్పేం లేదు."

"చెట్టుది తప్పంటావు."

"కట్టినవాడిది."

"గెలతో సహా పడ్డాను వదినా. వంటవాళ్ళు వంకాయలు తరగడం ఆపి మరీ చూశారు. ఒకాయనైతే లేవదియ్యడానికి వచ్చాడు, నన్ను కాదు, గెలని. రాత్రి పెళ్ళికి కావాలంట."

"కాలు, కాలు. ఆ కాలు కాదు, రెండోది."

"వాడు ఐదు నుంచి మొదలుపెడతాడు, చూశావా? ముందు నాలుగూ ఎప్పుడైపోయాయి? నేను వెనకబడేది అక్కడే. అందరికీ ఆ నాలుగూ ఎవరో చెప్పినట్టున్నారు."

"నాకూ చెప్పలేదు. ఊరుకో."

"స్మైల్ ప్లీజ్ లేడీస్. ఎక్సర్‌సైజ్ అంటే ఎంజాయ్‌మెంట్. చేతులు పైకి. అప్, అప్, ఇంకా అప్. హోల్డ్."

"స్తోత్రం."

"దేవమణీ, కళ్ళు తెరువు."

"మళ్ళీ మూశానా?"

"మూశావు. స్తోత్రం కూడా అన్నావు. ముందు లైన్‌లో గీతాంజలి వెనక్కి తిరిగి చూసింది."

"ఏం చెయ్యను వదినా, చేతులు పైకి లేస్తే కళ్ళు వాటంతటవే మూతపడతాయి. తెరిచేసరికి అందరూ కింద కూర్చునుంటారు. నేనొక్కదాన్నే చేతులెత్తి నిలబడి ఉంటా, దొంగలు కత్తి చూపించినట్టు."

"దేవుణ్ణే కదా తలుచుకున్నావు. ఆ గీతాంజలి తలుచుకుంటుందా? అద్దంలో తనని తను చూసుకోవడం తప్ప."

"ఆ పిల్లకి ఎంత చక్కగా వస్తుందో చూడు. గాలికి పైరు ఊగినట్టు."

"ఊగనీ."

"వెనక లైన్ ఆంటీలు, టర్న్ ఉంది. రైట్ టర్న్... సూపర్. ఇప్పుడు లెఫ్ట్ టర్న్. భారతి ఆంటీ, లెఫ్ట్. ఆంటీ, లెఫ్ట్."

"నేను ఎడమకి తిరగను నాయనా. ఎన్నిసార్లు చెప్పాలి."

"ఆంటీ, ఇది స్టెప్."

"స్టెప్పో మరోటో. చుట్టూ తిరగడమంటే ప్రదక్షిణం. ప్రదక్షిణం కుడికే. మావాళ్ళలో ఎడమకి తిరిగేది ఎప్పుడో తెలుసా నీకు? మనిషి పోయినప్పుడు."

"మ్యూజిక్ వస్తుంటే అవన్నీ ఎందుకు ఆంటీ?"

"నువ్వు నిలబడ్డది ఎక్కడ? రాత్రి అక్కడే ఎవరో దిలీప్ అనే కుర్రాడు తాళి కట్టాడు. నీ నెత్తి మీద పూలతో పేరు ఇంకా ఉంది. అలాంటి చోట ఎవరైనా ఎడమకి తిరుగుతారా?"

"స్టేజి మీద ఉంది నేను కదా ఆంటీ. మీరు భోజనాల వైపున్నారు."

"మండపమంతా ఒకటే."

"సరే ఆంటీ, మీరు రైటే తిరగండి. మిగతా లేడీస్, లెఫ్ట్. కంటిన్యూ."

"వదినా, నేను ఎటు తిరగాలి?"

"నీకు మా పట్టింపు లేదుగా. నువ్వు ఎడమకే తిరుగు."

"తిరిగితే నీ మొహంలో మొహం పెట్టినట్టు వస్తున్నా. రోజూ ఇంతే. ఇద్దరం పోట్లాటకి దిగినట్టుంటుంది."

"కొత్తవాళ్ళతో పెట్టుకునే కన్నా నయం కదా, నాతోనే పెట్టుకో."

"వంటవాళ్ళు నవ్వుతున్నారు వదినా."

"నన్ను చూసి. నిన్ను కాదు. వాళ్ళు చూసేది అడ్డం తిరిగినదాన్ని."

"బ్రేక్ లేడీస్, బ్రేక్. వాటర్ తాగండి, కూర్చోకండి."

"కూర్చోవద్దంటున్నాడు దేవమణీ."

"నేను వినలేదు. అమ్మా, ఈ కుర్చీ ఎవరు కనిపెట్టారోగానీ వదినా, వాళ్ళ కడుపు చల్లగా ఉండాలి. ఇదిగో చెబుతున్నా, ఇవాళే ఆఖరు. రేపట్నుంచి రాను."

"నిన్న కూడా ఇదే అన్నావు."

"నిన్న కోపంతో అన్నా. ఇవాళ బాగా ఆలోచించుకుని అంటున్నా."

"నందిగామ డాక్టరమ్మ ఏమంది?"

"తెలిసిందే కదా."

"మళ్ళీ చెప్పు. నువ్వు చెబితే నీకే వినపడుద్దని."

"మాత్రలు ఇంక పెంచడానికి లేదు, వచ్చే నెల చూపించుకునేసరికి షుగరు దిగకపోతే రోజూ పొట్టలో ఇంజెక్షనే అంది."

"నీకు సూదంటే భయం."

"భయం కాదు వదినా, వణుకు. మా అమ్మాయి జెరూషా గుడ్డ కుడుతూ సూదికి దారం ఎక్కిస్తుంటేనే నేను అవతలి గదిలోకి పోతా."

"మరి?"

"నడుస్తా."

"నడిచావుగా. ఏమైంది?"

"ఏమైంది, రోడ్డు మీద ముక్త్యాల వైపు పోయే లారీలు, సందులో కుక్కలు. ఒక కుక్క నన్ను రోజూ ఇంటి దాకా దిగబెట్టేది. ఆ పరుగే కొనసాగించుంటే ఈపాటికి షుగరు దిగేది."

"అందుకే ఇక్కడికి తీసుకొచ్చా. ఇక్కడ కుక్కల్లేవు."

"మనుషులున్నారు వదినా. కుక్క తరుముద్ది కానీ నవ్వదు."

"నన్ను చూడు. నీకన్నా ముందు చేరాను. నాకేం వచ్చింది?"

"అదొక్కటే నా ధైర్యం. నీకు కోపం రాకపోతే ఒక మాట. పొద్దున్నే లేచి, చీర కింద ఆ ప్యాంటు వేసుకుని, ఈ బూట్లు తొడుక్కుంటుంటే నాకు నామీద నాకే నవ్వొస్తుంది. దేవా, ఇవాళ నేను పడకుండా చూడు, పడ్డా భారతి వదిన పక్కనుండగా పడేట్టు చూడు అని ప్రార్థన చేసుకుని బయల్దేరతా."

"విన్నాడుగా. పక్కనే ఉన్నా."

"లేడీస్, ఒక గుడ్ న్యూస్. శనివారం సాయంత్రం నందిగామలో మహిళల ఫిట్‌నెస్ ప్రోగ్రాం. మన బ్యాచ్ స్టేజి మీద చేస్తోంది. వీడియో తీస్తారు. గీతాంజలి మేడమ్ సెంటర్. దేవమణి ఆంటీ, మీకో స్పెషల్ రోల్."

"నాకా నాయనా?"

"మన బ్యానర్ పట్టుకుంటారు. ఓ పక్కగా."

"పట్టుకుని ఏం చెయ్యాలి?"

"ఏం చెయ్యక్కర్లేదు ఆంటీ. కదలకూడదు, అంతే. కదిలితే పేరు కనపడదు."

"మరి చేతులెత్తమన్నప్పుడు?"

"అప్పుడు కూడా కదలకండి ఆంటీ. ముఖ్యంగా అప్పుడు."

"సరే నాయనా."

"రవితేజా, బ్యానర్‌కి కొసలెన్ని?"

"రెండు, భారతి ఆంటీ."

"రెండోది నేను పట్టుకుంటా."

"ఆంటీ, మీరు..."

"ఎడమకి తిరగనిదాన్ని స్టేజి మీద ఏం చేసుకుంటావు? రాసుకో, రెండో కొస నాది."

"వదినా, నువ్వెందుకు నాతోపాటు..."

"నుంచోడమే కదా. అందులో తప్పు పట్టేవాడెవడో చూస్తా."

"బ్రేక్ ఓవర్ లేడీస్. లేవండి, లేవండి. ఫైవ్, సిక్స్..."

క్లాసు అయిపోయాక, మండపం మెట్ల మీద.

"దేవమణి ఆంటీ, ఒక్క నిమిషం. భారతి ఆంటీ ఏరి?"

"కుళాయి దగ్గర మొహం కడుక్కుంటోంది నాయనా. పిలవనా?"

"వద్దు వద్దు, మీతోనే పని. మీరు చెబితే ఆవిడ వింటారు. శనివారం ఆవిణ్ణి ముందు లైన్‌లోకి రమ్మనండి ఆంటీ, ప్లీజ్."

"ఎవర్ని, మా వదిననా? బ్యానర్ కొస పట్టుకుంటానందిగా. అయినా ఎడమకి తిరగదు కదా నాయనా."

"తిరిగేవారు ఆంటీ."

"ఎప్పుడు?"

"మీరు రాకముందు. గీతాంజలి మేడమ్ పక్కనే నిలబడేవారు. నిజం చెప్పాలంటే ఆవిడ కంటే ఈవిడే బాగా చేస్తారు. నాకు ఫోనొస్తే ఈవిడే స్టేజి ఎక్కి అందరిచేతా చేయించేవారు. మీరు చేరిన రోజే ఎందుకో వెనక్కి వెళ్ళిపోయారు. ఆ ప్రదక్షిణం మాట కూడా అప్పట్నుంచే."

"మోకాలు నొప్పేమో."

"నేనూ అదే అనుకున్నా. నిన్న చూశా, ఇవే మెట్లు రెండేసి చొప్పున ఎక్కారు. మీరు వెనక నుంచి వస్తుంటే మళ్ళీ ఒక్కోటి ఎక్కడం మొదలుపెట్టారు."

"రెండేసి మెట్లా నాయనా?"

"నేను చెప్పానని అనకండి ఆంటీ."

"అనను నాయనా. వెళ్ళు, పెళ్ళివాళ్ళు వస్తున్నారు."

ఇంటికి పోయే దారిలో.

"ఏంటి దేవమణీ, నెమ్మదిగా నడుస్తున్నావు? మళ్ళీ మానేస్తానని చెబుతావా?"

"లేదు. ఆలోచిస్తున్నా. వదినా, నిజంగా ఎడమకి తిరిగితే పుణ్యం పోద్దా?"

"పోద్ది."

"నీది ఎంత పోయింది ఇప్పటిదాకా?"

"ఏంటా మాట?"

"గీతాంజలి పక్కన నిలబడ్డ రోజుల్లో."

"ఆ రవితేజకి నోరాగదు. ఇంజనీరింగు చదివినవాడు ఇంజనీరింగు చేసుకోక మనకెక్కడ దొరికాడు."

"నిజమేనా వదినా?"

"లారీ వస్తోంది, పక్కకి రా."

"వచ్చా. నిజమేనా?"

"టమాటాలు తీసుకోవాలి. ఆ బండి దగ్గర కాయ బావుంటుంది."

"తీసుకుందాం. ముందు చెప్పు. గుళ్ళో పేరంటాల్లో నలుగురూ లేచి దణ్ణం పెట్టే మనిషివి, వంటవాళ్ళ చేత నవ్వించుకుంటావా? దేవుడి మీద పెట్టి మరీ అబద్ధమాడతావా?"

"దేవుడి మీద పెట్టలేదు. కుడి మీద పెట్టా."

"నాకు రాకపోతే రాదు. నేనొక్కదాన్నే పడితే పడతా. నువ్వెందుకు వదినా?"

"పిల్లల్ని కాన్వెంట్‌లో చేర్చిన కొత్తలో తల్లులందర్నీ పిలిచింది సిస్టరమ్మ, గుర్తుందా?"

"ఎప్పటి మాట అది. ఏదో మీటింగు."

"నీకు ఏదో మీటింగు. ఒక్కొక్కళ్ళనీ లేపి ఇంగ్లీషులో ఏదో అడుగుతోంది. ఒంటినిండా బంగారం వేసుకుని ముందు బెంచీలో కూర్చున్నా నేను, కొత్తగా టౌనుకొచ్చినదాన్ని. నన్ను లేపింది. నాది ఐదో క్లాసు చదువు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మా ఆయన పరువు, మావాళ్ళ పొలాలు, అన్నీ ఆ బెంచీ కిందకి పోయాయి."

"ఊరుకో వదినా, ఎవరికి గుర్తుంది."

"నాకుంది. నాకు రాదండీ అన్నా. ఆవిడ మొహం అదోలా పెట్టి, నా పక్కనున్న నిన్ను లేపింది. నువ్వు లేచి, నాకూ రాదు సిస్టర్, ఆవిడా నేనూ ఒక బడే అన్నావు. అప్పటికి నీ పేరు కూడా తెలియదు నాకు."

"నాకు నిజంగానే రాలేదు ఆ రోజు."

"నేనూ అలాగే అనుకున్నా ఇన్నేళ్ళూ. పోయినేడు మీ నెహెమ్యా గారి రిటైర్మెంటు సభలో ఆయనే మైకు పట్టుకుని చెప్పారు, మా ఆవిడ బి.ఏ. ఇంగ్లీషు, గుంటూరు కాలేజీలో ఫస్టు వచ్చింది అని. ఆ రోజు నుంచీ వెతుకుతున్నా దేవమణీ, నీకు రానిది ఏదన్నా దొరికితే నాకూ రాదనొచ్చని."