స్వెన్నింగ్ పడవ గాల్లోకి లేచిన రోజు

సోమవారం ఆ రేకుల షెడ్డు పీకేస్తారు. హైడ్రోజన్ దాచే కొత్త ట్యాంకులు అక్కడే రావాలట. డెన్మార్క్ పడమటి ఒడ్డున ఓ చిన్న రేవులో, సముద్రం మీది గాలిమరలకు పడవలో వెళ్లి పనిచేసినవాళ్లు రిటైరయ్యాక ప్రతి శనివారం కాఫీకి అక్కడే చేరేవారు. ఇక చేరడానికి చోటు లేదు. పిలవకుండా ఒకరింటికి ఒకరు వెళ్లడం ఆ ఊరి అలవాటు కాదు, పిలవడానికేమో అందరికీ మొహమాటం. ఒకప్పుడు ఆ పడవలో వంట చేసిన థోరాకి, ఈ ఆఖరి కాఫీ కాస్తుంటే గుండె బరువెక్కింది.

"ఏడుపు మొహాలు పెట్టకండర్రా," అంటూ స్వెన్నింగ్ గొంతు సవరించుకున్నాడు. కోతలు కోయడంలో అతనికి అతనే సాటి.

"మన రోజుల్లో గాలి ఎక్కువైతే ఆ కరెంటు తీసుకునే నాథుడు లేక మరలు ఆపేసేవాళ్లు, గుర్తుందా? నా ప్రాణం ఉసూరుమనేది. ఆ కరెంటుతో నీళ్లని విడగొట్టి హైడ్రోజన్ తీసి దాచుకోండయ్యా అని ఇంజనీరుకి చెప్పిందెవరు? నేనే. సరే, పెట్టారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నవంబరులో తుఫాను పట్టుకుంది. మర ఆగదు, గ్యాసు ఆగదు, ట్యాంకులు నిండిపోయాయి. మన పడవలో ఉన్న చేపల పీపాలు గుమ్మరించి వాటిలో పట్టా. అవీ నిండాయి. ఫ్లాస్కుల్లో పట్టా, రబ్బరు బూట్లలో పట్టా, చివరికి మన విగ్గో బట్టల సంచిలో కూడా పట్టి మూతి బిగించేశా."

"అందుకేనా అది చిరిగింది?" అన్నాడు పాత మెకానిక్కు విగ్గో.

"చిరగదూ మరి! హైడ్రోజన్ ఎంత తేలికో నీకు నేను చెప్పాలా? పడవ మెల్లగా నీళ్లు వదిలి లేచింది. గాలిమర రెక్కలు దాటింది, చర్చి శిఖరం దాటింది, మనతో ఎగరలేక పక్షులు పడవ అంచు పట్టుకుని వేలాడాయి. అటు నార్వే, ఇటు ఇంగ్లండు, మధ్యలో మన థోరా బంగాళదుంపలు ఒలుస్తూ, కాస్త దించు నాయనా, ఉప్పు మర్చిపోయా అంటుంది."

థోరాకి నవ్వొచ్చింది, వెంటనే కళ్లు చెమర్చాయి. ఆ తుఫాను నిజం. ఆ దుంపలూ నిజమే. పడవ ఊగిపోతుంటే గిన్నె దొర్లకుండా తలో చెయ్యీ వేసి పట్టుకుని, అందరూ అందులోంచే తిన్నారు. అలాంటి రోజులు మళ్లీ రమ్మన్నా రావు.

పడవ లేచిందంటే ఎవరూ కాదనలేదు. ఆ షెడ్డు ఆనవాయితీ అది. గొప్పలు ఎన్నైనా చెప్పుకోవచ్చు, పని విషయంలో తప్పు పలికితే మాత్రం దొరికినట్టే. దొరికినవాడు వచ్చే శనివారం అందరికీ తీపిరొట్టె తేవాలి. ఇన్నేళ్లలో స్వెన్నింగ్ ఒక్కసారీ దొరకలేదు.

"మరి దిగేదెలా? గ్యాసు వదలాలి. అప్పటికి తుఫాను తెరిపిచ్చింది, మిట్టమధ్యాహ్నం, నెత్తిన ఎండ. ఓ పీపా మూత తీశానో లేదో నిప్పంటుకుంది. ఎర్రటి మంట! చర్చి అంత ఎత్తు! ఇంగ్లండు వాళ్లు చూసి రెండో సూర్యుడు పొడిచాడని..."

థోరా కాఫీ పోయడం ఆపింది.

"ఆగు స్వెన్నింగ్. హైడ్రోజన్ మంట పగటిపూట కంటికి ఆనదు. అందుకేగా ట్యాంకుల దగ్గర గ్యాసు కారి అంటుకుందేమోనని చీపురు ముందుకు చాచి నడిచేవాళ్లం? చీపురు అంటుకుంటే అక్కడ మంట ఉన్నట్టు. ఆ చీపురు నా చేతికిచ్చి నేర్పింది నువ్వే."

అందరూ స్వెన్నింగ్ వైపు చూశారు. వయసు మీద పడింది పాపం అని విగ్గో గొణిగాడు. దొరికితే దొరికాడు గానీ, వచ్చే శనివారం అంటూ ఎక్కడుంది అని కూడా అన్నాడు.

థోరాకి ఆ క్షణాన మొహమాటం గుర్తే రాలేదు. "మా వంటింట్లో ఉంది. కాఫీ నేను పెడతా, రొట్టె అతను తెస్తాడు. ఆనవాయితీ తప్పడానికి వీల్లేదు."

స్వెన్నింగ్ సిగ్గుపడలేదు సరికదా, హమ్మయ్య అని వెనక్కి వాలాడు.

"ఎర్రటి మంటన్నా ఒక్కళ్లూ నోరు మెదపరే. ఈ ఒక్కసారి కూడా నన్ను పట్టుకోకుండా వదిలేస్తారేమోనని హడలి చచ్చాను," అన్నాడు.