మైకు ఆపింది ఎవరు?

పదేళ్లుగా ఆమెను ఒక సందేహం వదల్లేదు. విద్యార్థి సంఘం ఎన్నికల సభలో తను మాట్లాడుతుండగా మైకు చెడిపోయిందా, ఎవరైనా ఆపారా? సైబర్ టవర్స్ కొత్తగా వెలిసిన మాదాపూర్‌లో, ఒక కాలేజీ విద్యార్థి సంఘానికి ఇప్పుడు ఆమే సలహాదారు. నాయకత్వ శిబిరానికి ముఖ్య అతిథిగా అప్పటి తమ సలహాదారునే పిలిచింది. వేదిక వెనుక ఆయనకు టీ అందిస్తూ అడిగింది.

“సార్, ఆనాడు మైకు దానంతటదే పోయిందా?”

“ఇంకా గుర్తుందా అమ్మా? వైరు నేనే తీయించాను!” ఆయన పకపకా నవ్వారు.

“ఎందుకు సార్?”

“హాస్టల్ నీళ్లు తాగి ఆడపిల్లలకు కామెర్లు వచ్చాయని మొదలుపెట్టావు. ముందు వరుసలో ప్రిన్సిపాల్ గారు కూర్చున్నారు. నా ప్రమోషన్ ఏం కావాలి?”

“అందరు గొల్లున నవ్విన్రు సార్. నేను ఓడిపోయిన. ఆ నీళ్లే ఇంకో ఏడాది తాగినం.”

“పోనీలే, బాగానే స్థిరపడ్డావుగా! ఇంతకీ సభకు నన్ను పరిచయం చేసేదెవరు?”

“నేనే సార్.”

“అయితే నాలుగు మంచి ముక్కలు చెప్పు.”

“ఏం చెప్పాల్నో ఇప్పటిదాంక తెల్వలే. దేవుని దయ, మీరే చెప్పిన్రు.”

“ఏమిటీ, ఇదా? పిల్లల ముందా? వద్దు తల్లీ!”

“ఫికర్ చెయ్యకుండ్రి సార్. మీ లెక్క వైరు తీసెటోళ్లు ఈడ ఎవ్వరు లేరు.”

ఇది దేవుడు మెచ్చే పనేనా అని ఆమె ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత వేదికెక్కి, సభలో చెబుతానని ఆనాడు హాస్టల్ పిల్లలకు మాటిచ్చి, సగంలో ఆపాల్సి వచ్చిన ఆ సంగతిని, ఆయన పేరుతో సహా, చివరిదాకా చెప్పి బాకీ తీర్చుకుంది.